వెనకింటి బాల్కనీ, మన పెరడు, మధ్యలో వెదురు

ప్రశ్న: గుంటూరు శివార్లలో 5 సెంట్ల స్థలంలో మా ఇల్లు. తూర్పు ముఖం. వెనక పడమటి వైపు పెరడు 12 అడుగుల వెడల్పు, ప్రహరీ వెంట 40 అడుగుల పొడవు. నల్లరేగడి నేల. వాయవ్యం మూల సెప్టిక్ ట్యాంక్ ఉంది. పదిహేనేళ్లు వెనక ఖాళీ స్థలమే ఉండేది. పోయిన ఏడాది అక్కడ మేడ లేచింది. వాళ్ల పై అంతస్తు బాల్కనీ సరిగ్గా మా పెరట్లోకే చూస్తుంది. బట్టలు ఉతుక్కోవాలన్నా, తల ఆరబెట్టుకోవాలన్నా, సాయంత్రం అత్తగారు మంచం వేసుకుని కూర్చోవాలన్నా ఇబ్బందిగా ఉంది. వాళ్లు మంచివాళ్లే, గొడవేమీ లేదు. గోడ ఎత్తు పెంచుదామంటే పునాది చాలదని మేస్త్రి అన్నాడు. నర్సరీలో అడిగితే గోల్డెన్ బ్యాంబూ వెయ్యండి, ఏడాదిలో గోడలా లేస్తుందన్నారు. వెదురు వేళ్లు ఇంటి కిందికి వచ్చేస్తాయని, కొట్టాలంటే ఫారెస్టు వాళ్ల పర్మిషన్ కావాలని మా ఆయన టెన్షన్. పాములొస్తాయని, పైగా పాడెకు కట్టే వెదురు ఇంట్లో వెయ్యడమేమిటని అత్తగారి బాధ. ఏం చెయ్యమంటారు?
– ఒక పాఠకురాలు, గుంటూరు

సమాధానం: అమ్మా, మళ్లీ నర్సరీకి వెళ్లేముందు ఒక చిన్న పని చెయ్యండి. 12 అడుగుల గెడ ఒకటి సంపాదించి, గోడకు రెండున్నర అడుగులు ఇవతల నిలబెట్టి పట్టుకోమని మీవారికి చెప్పండి. మీరు బట్టలుతికే బండ దగ్గర నిలబడి, బాల్కనీలో మనిషి కళ్లు ఎక్కడ ఉంటాయో అక్కడికి చూడండి. మీ చూపు ఆ గెడను ఎంత ఎత్తున దాటిపోతుందో అక్కడ ఒక గుడ్డపీలిక కట్టించండి. తర్వాత వెనక గుమ్మంలో నిలబడి ఇంకోసారి చూసి ఇంకో పీలిక కట్టించండి. ఆ రెండింటిలో పైన ఉన్నదే మీకు కావలసిన ఎత్తు.

మామూలు ఇళ్ల కొలతలతో నేను కాగితం మీద వేసి చూశాను. వాళ్ల బాల్కనీ నేల 11 అడుగుల ఎత్తున, మీ ప్రహరీకి 5 అడుగుల అవతల ఉందనుకుందాం. నిలబడ్డ మనిషి చూపు 16 అడుగుల ఎత్తు నుంచి వస్తుంది. గోడకు 7 అడుగుల దూరంలో ఉతుకుతున్న మీ తల కనపడకుండా ఉండాలంటే 9 అడుగుల అడ్డు చాలు. గుమ్మం దాకా చాటు కావాలంటే 11 అడుగులు. వాళ్లు డాబా ఎక్కినా కనపడకూడదంటే 17 అడుగుల దాకా వెళ్తుంది, కానీ డాబా మీద రోజంతా ఎవరూ నిలబడరు కదా. ప్రహరీ 5 అడుగులు ఉండనే ఉంది. కాబట్టి మీరు నిజంగా పూడ్చాల్సింది గోడ పైనుంచి ఆరేడు అడుగుల ఖాళీ మాత్రమే.

ఈ లెక్క ఎందుకు చెప్తున్నానంటే, ఎదుటి మేడ ఎంత ఎత్తుందో అంత ఎత్తు చెట్టు కావాలనుకుని చాలామంది దెబ్బతింటారు. అలా దెబ్బతిన్నవాళ్లలో నేనూ ఒకణ్ణి. ఇరవై ఏళ్ల కిందట నేనూ గోల్డెన్ బ్యాంబూ అన్న పేరు విని, పచ్చటి చారలున్న ఆ పసుపు బొంగుల అందం చూసి, ఎనిమిది మొక్కలు తెచ్చి గోడకు అడుగున్నర దూరంలో పెట్టాను. మూడేళ్లు మురిసిపోయాం. నాలుగో ఏడు వానల్లో నా మణికట్టు కంటే లావు పిలకలు లేచాయి. అందులో ఒకటి సరిగ్గా గోడ మొదట్లో లేచి, ప్లాస్టరింగ్‌ను పగలగొట్టుకుని, గోడను నెర్రెలిచ్చేలా చేసింది. గాలివాన వచ్చిన రాత్రి ముప్పై అడుగుల బొంగులు పక్కింటి రేకుల మీద దబదబా కొట్టుకుంటుంటే ఆ ఇంటివాళ్లూ మేమూ నిద్రపోలేదు. చివరికి తవ్వించడానికి ఇద్దరు మనుషులకు గునపాలతో మూడు రోజులు పట్టింది. మొక్క తప్పేం లేదు. అది తోటలో, ఎకరం గట్టున ఉండాల్సింది. నేనే దాన్ని పెరట్లో ఇరికించాను.

నర్సరీ వాళ్లు మీకు చెప్పిన పేరుతో చిక్కు ఏమిటంటే, గోల్డెన్ బ్యాంబూ అంటే ఒక మొక్క కాదు. నాకు అమ్మింది బాంబూసా వల్గారిస్‌లో పసుపు రకం. 30 నుంచి 50 అడుగులు పెరుగుతుంది. దుబ్బు కడుతుంది కానీ పెద్ద దుబ్బు. ఇదే పేరు ఫిల్లోస్టాకిస్ ఆరియా అనే చైనా వెదురుకీ ఉంది. అది దుబ్బు కట్టదు, పాకుతుంది. మీవారు భయపడుతున్నది దీని గురించే అయితే ఆయన భయం న్యాయమే. అమెరికాలో ఉన్న మనవాళ్లను అడగండి, పక్కింటి లాన్‌లో వెదురు మొలిచి తగువులైన కథలు చెప్తారు. కనెక్టికట్ రాష్ట్రంలోనైతే ఈ పాకే వెదురు మీద ప్రత్యేకంగా చట్టమే ఉంది.

తేడా అంతా భూమి లోపల ఉంటుంది. వెదురు గడ్డి జాతి మొక్క. బొంగుకు మొదలు మట్టిలో ఉండే దుంప. దుబ్బు కట్టే రకంలో ఆ దుంప పొట్టిగా, లావుగా ఉండి, కొద్ది దూరంలోనే పైకి తిరిగి తానే కొత్త బొంగు అయిపోతుంది. అందుకే కొత్త పిలక తల్లి పక్కనే లేస్తుంది. పాకే రకంలో దుంప సన్నగా, పొడుగ్గా, మట్టిలో అడ్డంగా అడుగుల కొద్దీ సాగిపోతూ దారిలో కణుపు కణుపుకీ పిలక వెయ్యగలదు. మన నల్లమలలో, మారేడుమిల్లి అడవుల్లో మీరు చూసే వెదుళ్లు దుబ్బు కట్టేవే. మన దేశపు వెదుళ్లలో ఎక్కువ భాగం అంతే. కాబట్టి వెదురంటేనే ఇంటి కిందికి పాకుతుందన్నది పూర్తిగా నిజం కాదు, పూర్తిగా అబద్ధమూ కాదు.

మీ పెరటికి నేను చెప్పేది బాంబూసా మల్టిప్లెక్స్. నర్సరీల్లో హెడ్జ్ బ్యాంబూ అంటారు. బొంగులు వేలు లావున ఉంటాయి, మహా అయితే బొటనవేలు కంటే కాస్త ఎక్కువ. ఎత్తు 10 నుంచి 20 అడుగులు, అది కూడా మీరు కత్తిరించకుండా వదిలేస్తే. కణుపు కణుపుకీ గుబురుగా సన్నటి కొమ్మలు వేసి కిందినుంచి పై దాకా ఆకు నిండి ఉంటుంది. పెద్ద వెదుళ్లకు కింద పది అడుగులు బోడిగా ఉండి ఆకంతా పైన ఉంటుంది. మనకు కావలసిన చోటేమో కిందే. మీకు పసుపు రంగు మీద మనసుంటే ఇందులోనే ఆల్ఫోన్స్ కార్ అనే రకం ఉంది, పసుపు బొంగుల మీద పచ్చ చారలు వస్తాయి. చాలా నర్సరీలకు మొక్కలు కడియం నుంచే వస్తాయి కాబట్టి, మీ దగ్గర దొరక్కపోతే పేరు రాసిచ్చి తెప్పించమనండి.

పేరు చెప్పారని నమ్మి తెచ్చుకోకండి. కవరు చుట్టూ తిరిగి చూడండి. పిలకలన్నీ నడిమధ్యలో ఒకదాన్నొకటి ఆనుకుని ఉంటే దుబ్బు రకం. ఒకటి ఈ చివర, ఇంకొకటి ఆ చివర కవరు అంచున లేచి ఉంటే అనుమానించండి. తర్వాత బొంగును వేళ్ల మధ్య తిప్పి చూడండి. ఫిల్లోస్టాకిస్‌కు కొమ్మ వచ్చే కణుపు పైన బొంగు ఒక వైపు నొక్కినట్టు గాడి పడి ఉంటుంది. కణుపుకు సాధారణంగా రెండే కొమ్మలుంటాయి. మల్టిప్లెక్స్ బొంగు గుండ్రంగా, కొమ్మలు గుత్తిగా ఉంటాయి. ఈ ఒక్క పరీక్ష గుర్తుంటే చాలు, అమ్మేవాడికి పేరు తెలియకపోయినా మీకు మోసం జరగదు. (గాజు సీసాలో నీళ్లు పోసి పెట్టుకునే లక్కీ బ్యాంబూ అసలు వెదురే కాదు, దాన్ని అడక్కండి.)

నాటేటప్పుడు ముందుగా సెప్టిక్ ట్యాంక్ సంగతి. ఏ వెదురైనా దాని పీచు వేళ్లు తడి ఎక్కడుంటే అక్కడికి వెళ్తాయి. మంచి కాంక్రీటును అవి పగలగొట్టలేవు గానీ, పాత పైపు అతుకులో సందు దొరికితే దూరతాయి. ఆ మూల 10 అడుగులు వదిలెయ్యండి. మిగిలిన 30 అడుగుల్లో మూడేసి అడుగులకు ఒకటి చొప్పున 10 మొక్కలు సరిపోతాయి. గోడకు రెండున్నర అడుగుల దూరం తగ్గించొద్దు. దుబ్బు పెరగడానికే కాదు, గోడ వైపు మనిషి దూరి శుభ్రం చేసుకోవడానికీ ఆ సందు కావాలి. వదిలేసిన మూలకు మరీ ఇబ్బందిగా ఉంటే, పెద్ద సిమెంటు తొట్టిలో ఇదే వెదురు ఒకటి పెట్టండి. తొట్టిలోది ఎండాకాలం రోజూ నీళ్లు అడుగుతుంది, అది ఒప్పుకునే పెట్టుకోండి.

నల్లరేగడిలో ఒక తప్పు చాలామంది చేస్తారు. రెండు అడుగుల గొయ్యి తీసి, అందులో ఎర్రమట్టి, ఇసుక, ఎరువు కలిపి నింపుతారు. చూడ్డానికి బాగుంటుంది. వాన పడ్డాక చుట్టూ ఉన్న రేగడి నీళ్లను పోనివ్వదు, గొయ్యి తొట్టెలా నిండుతుంది, దుంప కుళ్లుతుంది. వెదురుకు నీళ్లు ఇష్టమే కానీ నీళ్లలో నిలబడటం ఇష్టముండదు. అందుకని గొయ్యి కాదు, గట్టు కట్టండి. ఉన్న మట్టినే అడుగు లోతున తిరగదవ్వి, మాగిన పశువుల ఎరువు బాగా కలిపి, గోడ పొడవునా రెండు అడుగుల వెడల్పు, ఎనిమిది అంగుళాల ఎత్తు గట్టు లాగా పొయ్యండి. మొక్కలను దాని మీద నాటండి. కవరులో మట్టి ఎంత ఎత్తున ఉందో నేలలోనూ అంతే ఉండాలి, లోతుగా పూడ్చకండి. ఎండాకాలం రేగడి నెర్రెలిస్తే వేళ్లు తెగుతాయి, గట్టు మీద ఎండుటాకో వరిగడ్డో నాలుగు అంగుళాల మందాన పరిస్తే ఆ బాధ తప్పుతుంది. తొలకరి పడగానే నాటండి. ఎండాకాలంలో నాటితే మొక్క కంటే మీరే ఎక్కువ ఎండిపోతారు.

మీది పడమటి గోడ. ఏప్రిల్, మే నెలల్లో వడగాడ్పు నేరుగా ఆ ఆకులకే తగులుతుంది. మొదటి రెండు ఎండాకాలాలు రోజు మార్చి రోజు ఒక్కో మొక్కకు ఒక బకెట్ నీళ్లు పొయ్యాలి, లేదా డ్రిప్పు పైపు వేసుకోండి. దాహమేసిన వెదురు తానే చెప్తుంది, ఆకులు నిలువునా చుట్టుకుని సూదుల్లా అవుతాయి. నీళ్లు పోసిన కాసేపటికి విచ్చుకుంటాయి. శివరాత్రి దాటాక పాత ఆకులు పసుపెక్కి రాలితే మాత్రం కంగారు పడకండి, కొత్త ఆకు వేసుకుంటోంది. రాలిన ఆకును తగలబెట్టకుండా గట్టు మీదే పలచగా వెయ్యండి, అదే దానికి మంచి ఎరువు. ఏడాదికి రెండుసార్లు, తొలకరిలో ఒకసారి, వానలు వెనకపట్టాక ఒకసారి, మొక్కకు గంపెడు పశువుల ఎరువు వేస్తే ఇంకేమీ అక్కర్లేదు.

ఇక ఏడాదిలో గోడ అన్న మాట. వెదురు పెరిగే తీరు మామిడి, వేప లాంటిది కాదు. పిలక నేలలోంచి లేచేటప్పుడే ఎంత లావుండాలో అంత లావుతో లేస్తుంది, కొన్ని వారాల్లోనే దాని ఎత్తంతా ఎదిగిపోతుంది, ఆ తర్వాత ఆ బొంగు ఇంక ఒక్క అంగుళం కూడా పెరగదు. దుబ్బు బలపడే కొద్దీ మరుసటి వానలకు వచ్చే పిలకలు అంతకంటే పొడుగ్గా లేస్తాయి. అందుకని మొదటి ఏడు ఏమీ కదలనట్టే ఉంటుంది, మీ అత్తగారు డబ్బులు దండగ అంటారు కూడా. నాలుగైదు అడుగుల మొక్కలతో మొదలుపెడితే రెండో వానాకాలానికి గోడ దాటుతుంది, మూడో వానాకాలానికి మీ గుడ్డపీలిక కట్టిన ఎత్తు అందుకుంటుంది.

కత్తిరింపు గురించి జాగ్రత్తగా వినండి, ఎందుకంటే పెంచడం కంటే దీన్ని అదుపులో ఉంచడమే అసలు పని. 12 అడుగుల దగ్గర తల కోస్తే ఆ బొంగు ఇక పైకి పోదు, పక్క కొమ్మలు గుబురెక్కుతాయి. అది మంచిదే. మూడేళ్లు దాటిన బొంగులను ఏటా చలికాలంలో దుబ్బు లోపలినుంచి ఏరి మొదలంటా తీసెయ్యాలి. కొత్తవి పచ్చగా నిగనిగలాడతాయి, ముసలివి వెలిసిపోయి మచ్చలు పడతాయి, పోల్చడం కష్టం కాదు. వానాకాలంలో కొయ్యకండి, అది పిలకలు వేసే కాలం. కోసేటప్పుడు కణుపుకు ఆనించి, సరిగ్గా పైన కొయ్యండి. కణుపు పైన నాలుగు అంగుళాలు వదిలేస్తే అది గిన్నె అవుతుంది, వాన నీళ్లు నిలుస్తాయి, డెంగీ దోమకు అంతకంటే సుఖమైన చోటు ఇంకొకటి ఉండదు. మొక్కకొక నాలుగు మొద్దులు అలా వదిలేస్తే 40 గిన్నెలు పెట్టినట్టే. ఈ సంగతి తోటమాలికి చెప్పి ఊరుకోకండి, వాడు కోస్తున్నప్పుడు పక్కన నిలబడండి. ఇంకొకటి, కొత్త పిలకను చుట్టి ఉండే గోధుమరంగు పొరలకు కొన్ని వెదుళ్లలో నూగు ఉంటుంది, దురద పుడుతుంది. నిండు చేతుల చొక్కా తొడుక్కుని పని చెయ్యమనండి.

పాముల మాట కొట్టిపారెయ్యను. పాము వెదురు కోసం రాదు, ఎలకల కోసం, చాటు కోసం వస్తుంది. కింద చెత్త పేరుకుని, పాత ఇటుకలు, కొబ్బరి మట్టలు తెచ్చి దుబ్బు వెనక దాచేస్తే ఏ మొక్క వేసినా వస్తుంది. మూడో ఏడు నుంచి ప్రతి దుబ్బుకూ కింది రెండు అడుగులు ఆకు, చిన్న కొమ్మలు తీసేసి, బొంగుల మధ్య నుంచి అవతలి గోడ కనపడేలా ఉంచండి. కింద ఐదు అడుగులు గోడ ఎలాగూ ఉంది కాబట్టి మీ చాటుకు లోటు రాదు. నేల మీద పరిచే ఆకు కూడా అప్పటినుంచి పలచగానే ఉండాలి.

అత్తగారికి మాత్రం సమాధానం మీరు చెప్పకండి, ఆవిణ్ణే అడగండి. ఆవిడ పెళ్లిలో ఆవిణ్ణి మేనమామ పీటల మీదికి మోసుకొచ్చిన గంప దేంతో అల్లారో, నోముల్లో వాయనం ఇచ్చిన చేటలు దేంతో చేశారో, పెళ్లి పందిరికి ఏం పాతారో. పాడెకు కట్టేదీ అదే, కాదనను. మన ఇళ్లలో పుట్టినప్పటినుంచి పోయేదాకా వెదురు లేని ఘట్టమే లేదు, ఆ ఒక్కటే ఎందుకు గుర్తుపెట్టుకోవాలి? వాస్తు అంటే పట్టింపు ఉన్నవాళ్లయితే, పడమర ఎత్తుగా ఉండాలని చెప్పేది ఆ శాస్త్రమే అని కూడా అనండి. సాయంత్రం నాలుగు గంటల ఎండ ఇంటి గోడ మీద పడకుండా ఆగితే ఆవిడ మంచానికి వచ్చే చల్లదనం మిగతా వాదన తానే చేసుకుంటుంది.

మీవారి ఫారెస్టు పర్మిషన్ భయానికి ఒకప్పుడు ఆధారం ఉండేది. 1927 నాటి భారత అటవీ చట్టం వెదురును చెట్ల లెక్కలో వేసింది. 2017లో ఆ చట్టాన్ని సవరించి చెట్టు అన్న నిర్వచనంలోంచి వెదురును తీసేశారు. మీ పెరట్లో మీరు పెంచుకున్న బొంగును కోసుకోవడానికి మన రాష్ట్రంలో ఇంకేమైనా నిబంధన ఉందేమో అటవీ శాఖ ఆఫీసులో ఒక్కసారి అడిగితే ఆయన టెన్షన్ తీరిపోతుంది. వెదురు పూసి ఒక్కసారిగా చచ్చిపోతుందని, పూస్తే కరువని కూడా ఎవరో ఒకరు చెప్తారు. అది మిజోరంలో 48 ఏళ్లకోసారి మూకుమ్మడిగా పూసే వెదురు కథ. 1959లో ఎలకలు పెరిగి పంటలు తినేసి కరువు వచ్చింది, మళ్లీ 2007లో పూసింది. మీరు వేసే రకం పూయడమే అరుదు.

వెనకింటివాళ్లతో మంచిగా ఉన్నారు కాబట్టి, మొక్కలు తెచ్చేముందే వాళ్లింటావిడకు ఒక మాట చెప్పండి. బాల్కనీలో నిలబడితే ఇంకొకరి పెరడు కనపడటం వాళ్లకూ ఇబ్బందే, వాళ్లూ సంతోషిస్తారు. గోడ దాటి అటు వంగిన కొమ్మలను వాళ్లు కత్తిరించుకోవచ్చని మీరే ముందు చెప్పెయ్యండి. ఏటా ఆకు కొంత వాళ్ల వైపు రాలుతుంది, ఆ మాట కూడా దాచొద్దు.

వెదురు ఎదిగేదాకా ఆ రెండు మూడేళ్లు ఏం చెయ్యాలన్నది మిగిలింది. ఆకుపచ్చ నెట్టు కడితే గాలికి చిరిగి వేలాడుతుంది, రెండో ఎండాకాలానికి పీలికలవుతుంది. దానికి బదులు మీ ఊళ్లో మేదరి పని చేసేవాళ్లు ఇంకా ఉంటే తడికెలు అల్లించుకోండి. గోడ ఇవతల నాలుగు ఇనుప గొట్టాలు పాతి, ఉతికే బండకు ఎదురుగా ఉన్న పది అడుగుల మేర మాత్రం గోడ పైన ఆరేడు అడుగుల ఎత్తున తడికె కడితే రేపటినుంచే మీ పని మీరు చేసుకోవచ్చు. గొట్టాలు గట్టులో కాకుండా గోడను ఆనుకుని పాతించండి, లేకపోతే మొక్కలు నాటేటప్పుడు మళ్లీ పీకాల్సి వస్తుంది.